నా దవడ పన్నూ, పైవీధి దెబ్బా

ఒక పుచ్చుపన్ను ఊర్లో తలకాయలు పగలగొట్టించేదాకా పోతాదంటే మీరు నమ్మరు. నాది పోయింది. చదువు ఆరో తరగతిలో ఆగినోణ్ణి. బుద్ధి కూడా ఆడనే ఆగిందో లేదో, అంతా విని మీరే తేల్చండి.

మాది జమ్మలమడుగు పక్కన పల్లె. పైవీధిది ఒక పార్టీ, కిందివీధిది ఒక పార్టీ. మా కిందివీధికి పెద్ద నాగన్న. ఎలక్షన్లు దగ్గరికొస్తే ఆ వీధి నుంచి ఈ వీధికి కోడి కూడా ఆలోచించి దాటేది. అట్లాంటి రోజుల్లో నా దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది.

మా అమ్మ లవంగం పెట్టింది, ఉప్పునీళ్లు పుక్కిలించమనింది. కాస్త తగ్గింది.

"తగ్గిందని మురిసిపోవాకు. ప్రొద్దుటూరికి పోయి డాక్టరుకు చూపిచ్చుకో," అనింది.

డాక్టరు పట్టకారు తల్చుకుంటేనే నేను ప్రొద్దుటూరు బస్సుకు ఎదురుదిక్కు నడిచేటోణ్ణి. అందుకని సొంత వైద్యం. ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి, బుగ్గకు కాపడం. శానా హాయిగా ఉండింది. ఇంకా వేడి, ఇంకా వేడి. మధ్యాహ్నానికి బుగ్గ సంగటి ముద్దంత అయ్యింది, కన్ను దాని ఎనక దాక్కునింది.

టవాలు చుట్టుకుని టీ అంగడికాడికి పోయినా. నా జతగాడు మద్దిలేటి గ్లాసు కింద పెట్టినాడు.

"ఎవురు కొట్నారప్పా?"

ముందురోజే ఆ బల్ల మీద కూర్చుని, వేటకొడవలికి కూడా భయపడనని కోతలు కోసిన నోరు నాది. పట్టకారుకు భయపడి కాపడం పెట్టుకున్నానని ఎట్ల చెప్పేది? టవాలు ఇంకో చుట్టు చుట్టుకున్నా.

"పైవీధోళ్లేనా?"

తల అడ్డంగా ఊపబోయినా. పన్ను పొడిచింది. నిలువుగా ఊపడం సులువనిపించింది. ఊపినా.

మద్దిలేటి టీ చల్లారకముందే నాగన్న ఇంటి ముందర జీపు, పదిహేను మంది మనుషులు, గోనెసంచిలో గణగణమనే సామాన్లు. నాగన్న నన్ను మంచం మీద కూర్చోబెట్టి మెల్లగా అడిగినాడు.

"కొట్నోడి పేరు చెప్పప్పా. పేరు చాలు."

పైవీధిలో నాకు తెలిసినోళ్లంతా కండ్ల ముందర తిరిగినారు. నాతో బడి ఎగ్గొట్టినోడు, మా అమ్మకు మజ్జిగ పోసే ముసలామె కొడుకు. ఎవని పేరు చెప్పినా సాయంత్రానికి వానికి కాళ్లుండవు. నాలుగు రోజుల్లో పంటినొప్పి మర్చిపోయింది ఆ ఒక్క నిమిషమే.

"మామా, ఎవురూ కొట్టలా. ఇది పన్ను."

"యాడ?"

నోరు తెరిచినా. నాగన్న వంగి చూసి, వాసనకు రెండడుగులు ఎనక్కి పోయినాడు. ఇన్నేండ్ల ఫ్యాక్షన్లో ఆయన ఎనకడుగు వేసింది అదే మొదలంట.

"మరి తల ఎందుకు ఊపినావు?"

"డాక్టరంటే భయం మామా."

పదిహేను మంది నన్ను చూసిన చూపుకంటే కొడవలే నయం. నాగన్న మాత్రం తాపీగా, "ఎట్లాగూ డీజిలు పోసినాం. వీణ్ణి ఎక్కించండి," అన్నాడు.

ప్రొద్దుటూర్లో పదిహేను జతల మీసాలు ఒక్కసారే లోపలికి రావడంతో పండ్ల డాక్టరు లేచి నిలబడినాడు.

"భయపడాకు సారూ. పన్నే," అన్నాడు మద్దిలేటి.

డాక్టరు చూసి, "లవంగం నొప్పిని మొద్దుబారుస్తుంది గానీ పుచ్చును ఆపదు. లోపల చీము పట్టినప్పుడు వేడి పెడితే ఇంకా పొంగుతుంది. ముందే వచ్చింటే పన్ను నిలబడేది," అన్నాడు. సూది వేసి పీకినాడు. నాకు తెలియనే లేదు. దీనికా నేను ఒక మనిషి కాళ్లు తీయించబోయింది?

పన్ను కాగితంలో చుట్టుకుని ఊరికి వస్తే, టీ అంగడాయన జీపుకు ఎదురొచ్చినాడు.

"పైవీధి ఓబులేసు చెప్తాండాడు, నిన్ను కొట్టింది తానేనంట. ఒక్కటే గుద్దంట."

మద్దిలేటి జీపు దిగబోతే నాగన్న చెయ్యి అడ్డం పెట్టినాడు.

"చెప్పుకోనీలేప్పా. ఎవురో ఒకరికి పనికొచ్చింది."

పన్ను పోయింది నాకు, పేరొచ్చింది వానికి. అందుకే ఇంటికి పోయి, మా అమ్మ ముందర నిలబడి ఒట్టేసినా. ఇకమీదట నోట్లో ఏ నొప్పి పుట్టినా కాపడం పెట్టను, తల ఏ పక్కకూ ఊపను. "అయ్యా, ఇది పన్ను, నన్నెవురూ కొట్టలా" అని రెండు వీధుల్లోనూ విడివిడిగా చాటింపు వేయించి, ఆ తర్వాతనే ప్రొద్దుటూరు బస్సెక్కుతా.