రెండో తాళంచెవి

అప్‌డేట్‌కి ముందు బ్యాకప్ ఎలా తీయాలని లినక్సు వాడేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో మూడుసార్లు అడిగాను, మూడోసారి గట్టిగానే. ఒక్కరూ పలకలేదు. అది నేను మర్చిపోను.

తిరువూరు బస్టాండులో ల్యాప్‌టాప్ తెరిచి అప్‌డేట్ నొక్కబోతుంటే పక్కన పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న టీచరుగారొకావిడ, "బ్యాకప్ ఉందాండి?" అన్నారు.

"మా చర్చి పాటల రికార్డింగులన్నీ ఇందులోనే ఇంకో ఫోల్డర్లో కూడా కాపీ చేసి పెట్టాను. లినక్సు గ్రూపులో మూడుసార్లు అడిగితే ఎవరు చెప్పారు?"

"రెండో తాళంచెవి కూడా ఇంట్లోనే పెట్టి తాళమేస్తారా?" అని నవ్వి, తన పెన్‌డ్రైవ్ ఇచ్చారు. పాటలు కాపీ అయ్యేసరికి విస్సన్నపేట బస్సు వచ్చింది.

"ఉంచండి, నాకింకోటి ఉంది. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. మీరు అడిగిన తీరుకి భయమేసిందండి," అంటూ ఎక్కేశారు.

ఆవిడ వెళ్లాక నొక్కిన అప్‌డేట్ మధ్యలో ఆగి ల్యాప్‌టాప్ లేవలేదు. పాటలు మాత్రం మిగిలాయి.

పెన్‌డ్రైవ్ ఎక్కడికి పంపాలో అదే గ్రూపులో ఈసారి "దయచేసి" అని రాసి అడిగాను. మేడంగారూ, ఇప్పుడైనా జవాబివ్వండి.