గిన్నెలో చివరి వంతు

సుహాసిని పుంగనూరులోని ఒక మిషన్ బడిలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పేది. ఇరవై ఏళ్ల పిల్ల. తండ్రి అహరోను అక్కడి సంఘానికి ఉపదేశి. ఆదివారం ప్రసంగం, మిగతా రోజులు పల్లెల్లో సువార్త. విశ్వాసుల ఇంట దిగులు నిలవదని ఆయన తరచూ చెప్పేవాడు. ఆయన ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కారు.

1944 ఎండాకాలం సెలవుల్లో సుహాసిని మంచం పట్టింది. జ్వరం లేదు, దగ్గు లేదు. లేవాలనిపించలేదు, అంతే. సంగటి ముందు పెడితే రెండు పిడచలు మింగి చెయ్యి కడిగేది. తల దువ్వుకోవడం మానేసింది. బడి తెరిచాక మాత్రం పొద్దున గంట వినబడితే లేచేది. పిల్లల మధ్య కూచుని పలకలు దిద్దేది. ఇంటికొచ్చి మళ్లీ గోడవైపు తిరిగేది.

తల్లి కృపమ్మ ఆ గోడను ఎరుగును. సుహాసిని పుట్టిన ఏడు తానూ అటే తిరిగి పడుకుంది. పాలకు ఏడ్చే బిడ్డను ఎవరో తెచ్చి పక్కన పెట్టేవారు. అహరోను అప్పుడు సంఘంలో చలిజ్వరమని చెప్పాడు. తగ్గిందని కూడా ఆయనే చెప్పాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తినవారు లేరు.

పిల్ల చిక్కి సగమయ్యాక ముగ్గురూ బొగ్గు బస్సెక్కి మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన ఎక్స్‌రే తీయించి చూశాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఇది మనసుకు వచ్చిన జబ్బని, ఈ వయసులో వస్తుందని, కొన్ని కుటుంబాల్లో తల్లికో తండ్రికో ఉండి బిడ్డలకూ వస్తుందని చెప్పాడు. పిల్లల కోసం లేస్తున్నది కాబట్టి బడి మాత్రం మాన్పించవద్దన్నాడు. ఇంట్లో ఇంతకు ముందు ఎవరైనా ఇలా పడుకున్నారా అని అడిగాడు.

“మా ఇంట్లో అట్లాంటోళ్లు ఎవురూ లేరు సార్” అన్నాడు అహరోను.

కృపమ్మ నేల చూసింది.

ఆ ఆదివారం అహరోను తన కూతురికి టీబీ అని చెప్పి సంఘాన్ని ప్రార్థన కోరాడు. టీబీ పేరు చెప్పి నలుగురిలో ఏడవవచ్చు. మనసు జబ్బంటే దయ్యమంటారు. ఉపదేశి ఇంట్లోనే దయ్యమంటారు.

గుడ్లు వచ్చాయి, పాలు వచ్చాయి. ఎవరూ గడప దాటలేదు. పక్కింటి విజయమ్మ వాకిట్లోనే నిలబడి అంది: “నీకేమో గుడ్లూ పాలూ. మాకు సంగటీ ఊరిబిండీ. ఆ జబ్బేదో నాకన్నా రాకపాయె మే.”

సుహాసిని నవ్వింది. ఆ ఏడాది ఆమె నవ్వింది అప్పుడే.

ఇంట్లో ఆమె అన్నం తినే తట్ట, గ్లాసు వేరయ్యాయి. పిల్లలున్న చోటికి రావద్దని బడి నుంచి కబురొచ్చింది. మర్నాడు గంట విని ఆమె లేచింది, చీర మార్చుకుంది. మంచం మీద కూచుంది. కాసేపటికి పడుకుంది.

తండ్రిని ఒక్కసారి అడిగింది.

“నాకు టీబీ లేదని డాక్టరు చెప్పినాడు గదా నాయనా. ఆ మాట బడిలో చెప్పు. నన్ను పోనీ.”

“టీబీ కాకుంటే ఇంగేమని చెప్పాల? పిచ్చి అని చెప్పేదా? చెప్పినాక నేను యాడ నిలబడి ప్రసంగం చేసేది?”

నెలకోసారి పాదిరి అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవారు. అందరికీ ఒకటే గిన్నె. వరుసగా మోకరించి ఒకరి తర్వాత ఒకరు పెదవి ఆనించాలి. ఆ సంఘంలో టీబీ వాళ్లది చివరి వంతు. వాళ్లు తాగాక మిగిలింది మట్టిలో పోసేవారు.

సెప్టెంబరు బల్లనాడు కృపమ్మ తన వంతు వచ్చినా చాప మీదనుంచి కదలలేదు. సుహాసిని చివర తాగాక లేచి వచ్చింది. కూతురి పక్కన మోకరించి గిన్నెకు చేతులు చాపింది. అయ్యగారు తటపటాయించారు. ఆమె గిన్నె అందుకుని, కూతురి పెదవి తాకిన అంచునే తాగింది. అందరికీ వినబడేలా చెప్పింది.

“నా బిడ్డకు టీబీ లేదు. ఇది పుట్టినప్పుడు నాకొచ్చింది చలిజ్వరమూ కాదు. మా ఇద్దురిదీ దిగులు జబ్బు. దీన్ని బడికి పోనీండి.”

అహరోను లేచాడు. కన్నపేగు ఇలాగే మాట్లాడిస్తుందని, ప్రార్థన చేద్దామని అన్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మరుసటి ఆదివారం ఆయన ప్రసంగం బిడ్డ కోసం ప్రాణానికి తెగించిన తల్లి గురించి. బాగా చెప్పాడని అందరూ అన్నారు. ఆ వారం నుంచి ఇంట్లో వేరు గ్లాసులు రెండయ్యాయి. బడిలోకి ఇంకో పంతులమ్మ వచ్చింది.

1949లో అహరోనును కుప్పానికి మార్చారు. అక్కడ వీళ్ల సంగతి ఎరిగినవారు లేరు. సుహాసిని తనంతట తానే తల దువ్వుకుని బడికి వెళ్లి పని అడిగింది. హెడ్మాస్టరు పాల్ ఆమె చేత చదివించి, రాయించి చూశాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

మధ్యలో ఆదివారం వచ్చింది. కొత్త సంఘం ముందు అహరోను సాక్ష్యం చెప్పాడు. తన భార్యకూ కూతురికీ టీబీ వచ్చిందని, మందు లేకుండా దేవుడే నయం చేశాడని కన్నీళ్లతో చెప్పాడు.

సోమవారం పాల్ ఆమెను బడి మెట్ల దగ్గరే ఆపాడు.

“నయమైనా అది టీబీనే గదమ్మా. పిల్లోళ్లుండారు.”

లోపల గంట కొట్టారు. సుహాసిని అది ఆగేదాకా మెట్ల మీద నిలబడి, ఇంటికి తిరిగివచ్చి గోడవైపు పడుకుంది.