ఇరవై మీద ఇంకో ముక్క

మా మనవడు నిన్న కొత్త పేకకట్ట విప్పితే, హిందూపురంలోని ఈ ఇంటి నడవంతా ఆ నున్నటి అట్టల వాసన. బ్లాక్‌జాక్ అనే ఆట ఫోన్లో చూశాడట, నాకు నేర్పుతాడట. ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ధర్మవరంలో దాన్ని మేం ఇరవై ఒకటి అనేవాళ్లం.

ఆశ్వయుజంలో ముసురు పట్టిందంటే మగ్గం గుంతలో నీళ్లూరేవి, పడుగు దారాలు తేమకు వదులై పని ఆగిపోయేది, చేతులు ఊరుకోక నాయన పేక తీసేవాడు. ఉడకబెట్టిన చెనక్కాయల ఆవిరి, చెమ్మగిల్లిన పట్టు వాసన, చూరు నీళ్ల చప్పుడు మధ్య మా అక్కకూ నాకూ రెండేసి ముక్కలు వేసి, తనకు ఒకటి కనబడేలా, ఒకటి బోర్లా వేసుకునేవాడు. అంకె ముక్కకు దాని అంకె, రాజు రాణి జాకీలకు పది, ఆసుకు ఒకటైనా పదకొండైనా మన ఇష్టం. ఇంకో ముక్క కావాలంటే "ఏయి" అనాలి, వద్దంటే "చాలు". ఇరవై ఒకటికి ఎవరు దగ్గరైతే వాళ్లదే గెలుపు, దాటామా, పోయినట్టే. పంచేవాడు మాత్రం పదహారు దాకా ముక్క తీయాల్సిందే, పదిహేడు వస్తే ఆగాల్సిందే. పందెం చింతపిక్కలు. పదో పదకొండో వస్తే అక్క పిక్కలు రెట్టింపు చేసి ఒకే ఒక ముక్క అడిగేది, ఇరవై వస్తే మాత్రం కదిలేది కాదు, మహా మొండిది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. మగ్గం మీద నాయన పక్కన కూర్చుని అంచు నేసే దారపు నాడె అందించే మనిషి లేకుండా పోయింది. మా ఇద్దరిలో ఒకరు బడి మానాలి. ఎవరో నోటితో చెప్పలేక నాయన పేక తీసి మా ఇద్దరికే పంచాడు.

"ఓడినోళ్లు మగ్గం కాడ కూచోవల్ల, గెలిచినోళ్లు బడికి పోవల్ల" అన్నాడు.

నాకు పదిహేడు వచ్చింది. "చాలు" అన్నాను. అక్క తన ముక్కలు తిప్పింది. పది, రాణి. ఇంక నా బడి అయిపోయిందనుకుని ఏడుపు అందుకున్నాను. అక్క నాయన వంక చూసి, "ఇంకోటి ఏయి" అంది. ఎనిమిది పడింది.

మర్నాడు నేను బడికి, అక్క గుంతలోకి. నాయన తాను పోయేదాకా మళ్లీ పేక ముట్టలేదు. నేను చదివి, టీచరునై, పెనుకొండలో రిటైరయ్యాను. మా అక్క త్యాగం చేసిందని కనబడిన ప్రతివాళ్లకూ చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

పోయిన నెల ధర్మవరం వెళ్లాను. గుంత పూడ్చి టైల్స్ వేశారు, వీధంతా మరమగ్గాల మోత, ముసురుకు ఆగే పనే ఎక్కడా లేదు. సన్నని పోగులు చూసి చూసి కళ్లు మసకబారిన అక్క నా చేయి తడుముకుంటూ పక్కన కూర్చుంది. ఉండబట్టలేక అడిగేశాను.

"నాకోసం ఆ పొద్దు అట్ల ఎందుకు చేస్తివక్కా?"

"నీకోసమా?" అంది అక్క. "నాకు పని వచ్చు, నీకు రాదు. ఇంకోటి అడగమని నాయన నా కాలు తొక్కినాడే. నాకూ సదువుకోవల్లనే ఉండె."