అంచు బంటు

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంటు చదరంగం పోటీ కప్పు రెండేళ్లుగా నాదే. మూడో ఏడు ఫైనల్లో తెల్లపావులు నావి. రాజు ముందరి బంటును రెండు గళ్లు జరిపాను. జావా కోర్సుకొచ్చి పై వాటాలో దిగిన కుర్రాడు నవ్వుతూ అంచున, ఏనుగు ముందరి బంటును ఒక్క గడి జరిపాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంటి బాబూ, వేళాకోళమా?"

"గిది సుత డిఫెన్సే ఆంటీ. జర చూస్కొని ఆడుండ్రి."

ఆ ఎత్తు నేనెన్నడూ చూడలేదు. మంత్రిని మీదికి తోలి బుద్ధి చెప్పాలనిపించినా ఆగాను. అతను వదిలేసిన నడిమి గళ్లలో ఇంకో బంటు నిలిపి, గుర్రాలను బయటికి తెచ్చాను. కాసేపటికి అతని పావులు కదలడానికి చోటు లేకపోయింది.

"డ్రా చేద్దాం ఆంటీ. పెద్దోళ్లు, అలిసిపోతరు."

"ఓడుతున్నది నువ్వు, అలసట నాకా? ఆడు!"

ఆట కట్టించేదాకా నేను తల ఎత్తలేదు.