ఒక్కో సందుకి ఒక్కో మాట

మా నాన్నకి ఓటు అండమాన్‌లో, పార్టీ ఆంధ్రాలో. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా, పొద్దున్నే తెలుగు వార్తల ఛానల్ పెట్టుకుని అక్కడి నాయకుల్ని ఒక విడత తిట్టందే టీ ముట్టడు. మా చర్చిలో మగవాళ్లు సగం మంది ఇంతే. ఆ పార్టీల మూలంగా ఇక్కడ మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు. ఆ నాయకులకి మా బ్రూక్షాబాద్ ఎక్కడుందో కూడా తెలియదు.

నాకు ఏ పార్టీ మీదా నమ్మకం లేదు. ఏ పార్టీ దేనికోసం నిలబడుతుందో తెలుసుకోవాలన్న కోరికా ఉండేది కాదు. కానీ పోయిన స్థానిక ఎన్నికల్లో తెలుసుకోక తప్పలేదు, ఎందుకంటే మా ఇల్లున్న నేల మాది కాదు. నాన్న మేస్త్రీపని చేసే రోజుల్లో కొండవాలు మీద సర్కారు జాగాలో రేకుల గది వేసి, తర్వాత కొంచెం కొంచెంగా గోడలు లేపిన ఇల్లది. కరెంటు మీటరుంది, నల్లా ఉంది, పట్టా లేదు. మా సందంతా అంతే. ఎవడైనా కొలతల టేపు పట్టుకుని రోడ్డు మీద నిలబడితే చాలు, ఆ పూట నాకు అన్నం సహించదు.

మా దగ్గర ప్రచారానికో పద్ధతుంది. తెలుగు సందుకి తెలుగువాణ్ణి పంపుతారు, తమిళుల సందుకి తమిళుణ్ణి, పైసందులో బెంగాలీ ఇళ్లకి బెంగాలీని. అందరికీ హిందీ వచ్చు. బజార్లో, బస్సులో, ఆస్పత్రిలో, మొగుడూ పెళ్లాల పోట్లాటలో సైతం సగం హిందీయే. ఓటడిగేటప్పుడు మాత్రం వీళ్లకి అమ్మభాష గుర్తొస్తుంది. మనవాడొచ్చి మన భాషలో అడిగాడని మావాళ్లు కరిగిపోతారు. నాకు అక్కడే అనుమానం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి బయట టెంటు వేసి సమోసాలు పంచి, మావాడొకడు మైకందుకున్నాడు.

"మాది పేదోళ్ల పార్టీ. ఆంధ్రాలో ఇళ్ల పట్టాలు ఎలాగిచ్చేరో టీవీలో సూసేరు కదా? ఇక్కడా అలాగే ఇచ్చీస్తాం. పక్కా!"

నాన్న కళ్లు చెమర్చాయి. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"భయ్యా, ఇక్కడ భూమి అడ్మినిస్ట్రేషన్ చేతిలో ఉంటాది. వార్డు మెంబరు పట్టా ఎలాగిస్తాడు?"

"దీదీ, మీరు సదువుకున్నోరు. ముందు గెలిపించండి, బాకీ మాటలు బాద్‌మే" అని నవ్వాడు. మిగతా మాటలు గెలిచాకట. నాన్న నా చెయ్యి లాగి కూర్చోబెట్టాడు.

"మనోడమ్మా. పరువు తీసీకు."

తర్వాత మిగతా పార్టీలూ వచ్చాయి. ఒకటి రోడ్లు, ఓడలు, హోటళ్లు, ఉద్యోగాలు అంది. ఇంకొకటి దీవుల సంగతి దీవులవాళ్లే తేల్చుకోవాలి, ఢిల్లీ కాదు అంది. పేదలు, అభివృద్ధి, స్వపరిపాలన. వినడానికి అన్నీ బాగానే ఉన్నాయి. వీటిలో నా ఇల్లు ఎటువైపుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పైసందులో ఒక బెంగాలీ దీదీ ఉంది. నా కూతురికి మొదటి స్నానం చేయించింది ఆవిడే. ఆవిడ భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. ఆస్పత్రికి వెళ్లాల్సినప్పుడల్లా నలుగురు కలిసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నిటారుగా ఉన్న మెట్ల మీంచి కిందికి దించుతారు. వానాకాలంలో ఆ దృశ్యం చూడలేం.

నీళ్లు వదిలిన రోజు నల్లా దగ్గర ఆవిణ్ణి అడిగాను, పేదోళ్ల పార్టీ మీ సందుక్కూడా వచ్చిందా అని. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీలోనే.

"వచ్చింది, మా బెంగాలీవాణ్ణి పంపారు. అంబులెన్సు మా గుమ్మం దాకా వచ్చేలా రోడ్డేస్తారట."

"ఎటునుంచి?"

ఆవిడ బిందె నిండి పొర్లుతున్నా నల్లా కట్టలేదు. కొండ పైకి దారి తియ్యాలంటే ఒక్క మా సందులోంచే.

"కింద కబ్జా ఇళ్లు తీసేస్తే దారి వస్తుందన్నాడు" అంది చివరికి, నా మొహం చూడకుండా.

అదే పార్టీ, అదే గుర్తు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. వీళ్లు కప్ప దగ్గర విడవమన్నారు, పాము దగ్గర కరవమన్నారు. మనసులోనైనా దీదీని పామన్నందుకు సిగ్గేసింది. కానీ అనుకున్నాను.

"మీకేం కావాలి?" అనడిగాను.

"నాకు రోడ్డు కావాలి. నీ ఇల్లూ ఉండాలి."

"రెండూ కుదరవు."

"తెలుసు" అంది.

నాన్నకి చెబితే కొట్టిపారేశాడు. "మనోడు అలాగనడు. ఆ బెంగాలీ ఆవిడే ఏదో కల్పించి సెప్తంది." నేను ఊరుకోలేదు. ఆరోజు మైకందుకున్న మా తెలుగువాణ్ణి పట్టుకుని, రెండు సందులవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి, పట్టాలో రోడ్డో ఒకే మాట హిందీలో చెప్పమన్నాను. సరేనన్నాడు. మళ్లీ మా వైపు కనిపించలేదు. రోడ్ల పార్టీనీ అడిగాను, స్వపరిపాలన పార్టీనీ అడిగాను. తీరిక లేదన్నారు.

పోలింగ్ రోజు దీదీ, నేను ఒకే లైన్లో నిలబడ్డాం. ఎండ మాడుస్తోంది. ఓటేసి బయటికొచ్చాక కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆవిడే అడిగింది.

"ఎవరికేశావు?"

"మీ రోడ్డుకే" అన్నాను. "మీరు?"

"నీ ఇంటికే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ నా భుజం పట్టుకుని నడిచింది. నేను చెప్పింది అబద్ధం, ఓటేసేటప్పుడు నేను చూసుకున్నది నా ఇంటినే. ఆవిడ చెప్పింది నిజమైతే ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియక, అదీ అబద్ధమే అయ్యుండాలని దారంతా కోరుకున్నాను.