చెరువుకి లైనింగ్

కొలతలు తీసుకోవడంలో మాస్టారంతటి టైలరు ఆ వీధిలో ఇంకొకడు లేడు. ఈ మాట అన్నది మాస్టారే కాబట్టి మనం నమ్మాలి. చెరువు ఒడ్డున కాస్త జాగా కొన్నప్పుడు కూడా మెళ్ళో టేపు తీసి పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, నీటి అంచు ఎక్కడెక్కడ వంకర తిరిగిందో రాసుకున్నాడు. బురద లోతు మాత్రం కొలవలేదు. చెరువు నిండుగా ఉన్న రోజులవి. పైగుడ్డ మెరుపు చూసి మోసపోకండని రోజూ కస్టమర్లకు క్లాసు పీకే మనిషికి, ఆ మెరిసే నీటి కింద ఏముందో చూడాలని తోచలేదు.

చేసిందంతా భార్య కోసమే. దుకాణంలో రెండు మిషన్లు, చెరో గోడ వైపు. పాతికేళ్ళుగా ఇద్దరూ వీపులతోనే కాపురం చేస్తున్నారు. తొక్కి తొక్కి ఆవిడ పాదాలు సాయంత్రానికి దిండ్లలా ఉబ్బుతాయి. ఆదివారం పూట ఇద్దరం పక్కపక్కన కూర్చుని నీళ్ళలో కాళ్ళు ఆడించుకుందామని మాస్టారి ఊహ.

తీరా ఆవిణ్ణి తీసుకొచ్చేసరికి ఎండలకి నీరు వెనక్కి పోయింది. మిగిలింది నల్లటి బురద, దాని కంపు.

"బాగుందండీ. గేదెలకి," అందావిడ. "నా కాళ్ళు పెట్టుకునే చోటు చేశాక పిలవండి. అందాకా నన్ను రమ్మనకండి."

అన్న మాట మీద నిలబడే మనిషి. ఆ తర్వాత ఆదివారాలన్నీ మాస్టారు రెండు కుర్చీలు వేసుకుని, ఒకదాంట్లో కూర్చున్నాడు.

ఇసుక పోస్తే సరి అనుకున్నాడు. బావమరిదికి ట్రాక్టరుంది. అతను తొట్టి ఎత్తబోతూ ఆగి, "బావా, కింద ఏమన్నా పరుద్దామా? ఉత్త బురద కదా," అన్నాడు.

"ఇసుక కింద ఏం పరుస్తావయ్యా, దుప్పటా? పోసెయ్!"

పోశారు. మాస్టారు చెక్కపలకతో ఇస్త్రీ చేసినంత నున్నగా చదును చేసి, నాలుగు రోజులాగి భార్యను పిలిచాడు. దూరానికి అచ్చం సముద్రపు ఒడ్డులాగే ఉంది. ఆవిడ మొహం విప్పారింది కూడా. కుడికాలు వేసింది. మోకాలి దాకా దిగింది. ఆపుకోబోయి ఎడంకాలు వేసింది. అదీ దిగింది.

"ఏవండీ, ఇసుకేదీ?"

"కిందుంది."

"ఎంత కింద?"

మాస్టారు నీళ్ళు నమిలాడు. పక్కనే చెరువుంది కాబట్టి వాటికి కొదవ లేదు. మొగుడొక చెయ్యీ తమ్ముడొక చెయ్యీ పట్టుకు లాగితే ఆవిడ బయటికొచ్చింది, చెప్పులు రాలేదు.

"కాస్త పలచటి గుడ్డ కనిపిస్తే చాలు, లైనింగ్ వెయ్యాలి, లైనింగ్ వెయ్యాలి అని జనం ప్రాణాలు తోడేస్తారే," అంది బురద తుడుచుకుంటూ. "ఇంత జారుడు బురదకి లైనింగ్ వెయ్యాలని తెలీలేదా మాస్టారూ?"

ఆవిడ 'మాస్టారూ' అన్నదంటే ఆ వారం ఇంట్లో మాటల్లేవని అర్థం.

ఆ మౌనంలో మాస్టారికి బుద్ధొచ్చింది. రోడ్లు వేసేటప్పుడు కంకర కింద పరిచే మందపాటి గుడ్డ ఒకటుంటుంది. నీటిని దిగనిస్తుంది, బురదను పైకి రానివ్వదు. ఎక్కడో పనిలో మిగిలిన ముక్కలు బావమరిది తెచ్చాడు. మాస్టారు వాటిని మిషను మీద పెట్టి మూడు సూదులు విరగ్గొట్టి, చివరికి దబ్బనం పట్టుకున్నాడు.

"ఇంత పెద్ద లాగు ఎవరికి మాస్టారూ?" అని అడిగిందో కస్టమరు.

"చెరువుకి," అన్నాడు తలెత్తకుండా. వెనక మిషను ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. తిరిగి చూసే ధైర్యం లేదు.

పైబురద పారలతో ఎత్తిపోసి గుడ్డ పరిచారు. మర్నాటికి బురదలోంచి గాలి పుట్టి గుడ్డ గుమ్మటంలా లేచింది. మాస్టారు ఎక్కి అణచబోతే ఇటు దిగి అటు లేచింది. అటు అడుగేస్తే ఇటు లేచింది.

"బావా, చెరువుకి నెలలు నిండాయి!" అని బావమరిది గట్టు మీద పొట్ట పట్టుకున్నాడు.

గాలి పోవడానికి అక్కడక్కడా చీలికలు పెట్టి, బరువుకి కంకర పరిచి, ఆపైన ఇసుక పోశారు. ఈసారి మాస్టారు తొందరపడలేదు. మూడు వారాలు తనే దాని మీద గెంతాడు, బావమరిది చేత గెంతించాడు. ఆ తర్వాత ఓ శనివారం గోడకేసి చూస్తూనే అడిగాడు.

"రేపు ఖాళీయేనా?"

"దేనికీ?"

"ట్రయల్‌కి."

వెనక నుంచి కిసుక్కుమన్న చప్పుడొకటి వచ్చింది.

ఆదివారం ఆవిడ ముందు బొటనవేలు పెట్టి చూసింది. తర్వాత పాదం. తర్వాత రెండు పాదాలూ. ఇసుక కదల్లేదు. వానలకి మళ్ళీ ఒడ్డుకి చేరిన నీళ్ళు చీలమండల దాకా వచ్చి పోతున్నాయి. అద్దం ముందు నిలబడ్డ కస్టమరు మొహంలోకి చూసినట్టు మాస్టారు ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు.

"హాయిగా ఉందండీ," అంది కళ్ళు మూసుకుని. కళ్ళు తెరిచి, "మీరేంటి అక్కడ?" అంది.

మాస్టారు పక్కన బురదలో పిక్కల దాకా దిగబడి ఉన్నాడు.

"గుడ్డ సరిపోలేదు. నీ కొలతకే కుట్టాను."

"పక్కపక్కన కూర్చుందామని చెరువు ఒడ్డు కొని, ఒక్క మనిషికి కుట్టారా?"

ఆ సంగతి మాస్టారికి తట్టింది అప్పుడే. ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక, ఆఖరికి ఓ పక్కకి జరిగింది.

"రండి. ముందా కాళ్ళు కడుక్కోండి."

కడుక్కుని ఎక్కాడు. భుజానికి భుజం ఆనించి నిలబడ్డా ఇంకా అంగుళమో రెండంగుళాలో తక్కువొస్తోంది.

"పొట్ట లోపలికి పీల్చండి," అందావిడ అతని మోచెయ్యి పట్టుకుని.

మాస్టారు పీల్చాడు.