రెండు ఫోన్లు, ఒకటే ముళ్లకంప

పోయిన నెల, తన చివరి రోజు పొద్దున, నా భార్య సుజాత ఆసుపత్రిలో తెలివిలోనే ఉంది. జి. కొండూరు దగ్గర పల్లెలో ఉండే తన స్నేహితురాలు జయకు మా తోట రసాల మామిడిపండ్లు ఈ ఏడు కూడా తప్పకుండా అందించమని నాతో చెప్పింది. మధ్యాహ్నం కన్నుమూసింది.

ఈ రోజు బుట్ట సర్దుకుని నూజివీడు నుంచి కారులో బయలుదేరాను. పక్కన నా బావమరిది రవి. మా ఇద్దరి ఫోన్లూ పోటీ కంపెనీలవి. రెండూ ఉచితంగానే మలుపు మలుపుకీ దారి చెబుతాయి. నాది ఎడమకు తిరగమంది, రవిది నేరుగా పొమ్మంది. నా ఫోను మాట విన్నాను. ఎవరిదో మామిడి తోటలో బండిదారికి అడ్డంగా ముళ్లకంప కనిపించింది.

"చెప్పానా బావగారూ! ఊరికే వచ్చేదాన్ని నమ్మితే ఇంతే."

"నీదేమన్నా డబ్బులిచ్చి కొన్నావా?"

వెనక్కి వచ్చి, రవి ఫోను చెప్పినట్టు చుట్టూ తిరిగి వెళ్లాం. అదే కంపకు అవతలి వైపు తేలాం. కాపలా మనిషి నవ్వాడు.

"కాపు దిగేదాకా ఈ దారి తియ్యమండీ. కాయలు పోతాయని తోట షావుకారు మూయించారు."

అప్పటికే ఎండకు, కుదుపులకు పండ్లు చితికి బుట్టలోంచి రసం కారుతోంది. అవి జయ చేతిలో పెట్టలేక ఇంటికి తిరిగాను. దారంతా రవి తన ఫోను గొంతు ఎంత స్పష్టంగా ఉంటుందో చెబుతూనే ఉన్నాడు.

కాపు రోజుల్లో ఏ దారి మూస్తారో తెలిసిన ఫోను మీ దగ్గరుంటే చెప్పండి. రవికి మాత్రం చెప్పకండి.

రేపు పొద్దున్నే గడ్డిలో మగ్గిన పండ్లు ఇంకో బుట్ట సర్ది, పెద్ద రోడ్డు మీదుగా మనుషుల్ని అడుగుతూ వెళ్లి, జయకు ఇచ్చి వస్తాను.